నల్లగుడ్డు అంచున

ఆదివారం కూడా వస్తాను. కణాలకు సెలవు తెలియదు.
మోడెనాలో చర్చి గంటలు మోగుతుంటే
చేతి తొడుగులు వేసుకుని, ముక్కూ నోరూ కట్టుకుని
ముప్ఫై ఏడు డిగ్రీల వెచ్చని అలమారా తెరుస్తాను.
మూడో అరలో, గులాబీరంగు నీళ్ళ కింద
ఒక మనిషి చూపు పెరుగుతోంది.

అతని పేరు నాకు తెలియకూడదు. పళ్ళెం మీద అంకెలే.
కానీ డాక్టరమ్మ ఫియోరెంజా నోట్లో నువ్వుగింజ నానదు:
ఫెరారా వాడట, గోడలకు పూతవేసే మేస్త్రీ, లెయార్కో.
తడి సున్నం చిమ్మి ఎడమ కంట్లో పడింది.
కుళాయి రెండంతస్తుల కింద.
దిగేలోపే కాలవలసింది కాలిపోయింది.
ఆరేళ్ళుగా ఆ కన్ను పాలగాజు కిటికీ.
వెలుతురు వస్తుంది, లోకం రాదు.

ఏం కాలింది?
నల్లగుడ్డు మీది అద్దంపొర రోజూ అరిగే నేల,
రెప్ప దాన్ని ఊడుస్తూనే ఉంటుంది.
అరిగినచోట కొత్తది పరిచేవాళ్ళ ఇళ్ళు
నలుపూ తెలుపూ కలిసే అంచున, వెంట్రుకంత పొలిమేరలో.
మూలకణాలంటే, నన్నడిగితే, మూలన కూర్చున్న కణాలు.
మూలనున్న ముసలమ్మను ఎవరూ లెక్కచెయ్యరు.
ఏ పనీ చేస్తున్నట్టుండదు.
ఆమె లేని మర్నాడు పొయ్యి వెలగదు.

సున్నం కాల్చింది ఆ పొలిమేరని.
కాపలా పోగానే తెల్లగుడ్డు పొర
నెత్తుటి నాళాలను వెంటేసుకుని కలుపులా పాకి
అద్దం మీద కాపురం పెట్టింది.

తక్కిన కణాలు ఒక వృత్తి పట్టాయంటే అంతే.
నరం నరమే, చర్మం చర్మమే.
మూలకణం మాత్రం రెండుగా చీలి
ఒకదాన్ని పనికి పంపుతుంది,
ఒకదాన్ని తనలాగే అట్టేపెట్టుకుంటుంది.
నా పక్కబల్ల అల్బేనియా పిల్ల ద్రానె
ఎంత ఆకలేసినా పెరుగుగిన్నె అడుగు నాకదు.
రేపటికి చెంచాడు ఉంచుతుంది.
అంతే సంగతి.

అతని కుడికంటి అంచు నుంచి
నువ్వుగింజలో సగమంత గిల్లి తెచ్చారు.
ఒక కన్ను ఇంకో కంటికి తోడు పెట్టింది.
రెండు వారాలు. రోజు విడిచి రోజు మేత మార్చాను.
మైక్రోస్కోపులో రాళ్ళు పరిచిన వీధిలా
ఒకదానికొకటి ఒరుసుకుని కుదురుకున్నాయి.
నూటికి మూడైనా అసలైనవి ఉండాలి.
లేకపోతే పొర పట్టుకుంటుంది, నిలబడదు,
కొన్ని నెలలకే అరిగి ఊరుకుంటుంది.
లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను.

రొట్టెల కొట్టు ఇయోలాండా చిల్లర ఇస్తూ అడిగింది:
"కన్ను మొలిపిస్తున్నారు గదా,
మా ఆయన వెన్నుపూసకు ఏమైనా?"
మూలుగలోని మూలకణాలు
నెత్తురు జబ్బులవాళ్ళను ఏళ్ళ తరబడి బతికిస్తున్నాయి, అన్నాను.
కాలిన చర్మం కుదురుతోంది. అంచు పోయిన కన్నూ అంతే.
గుండె, మెదడు, వెన్ను దగ్గర ఇంకా వెతుకుతున్నాం.
మాట ఇవ్వలేను.
ఆమె బల్ల కింద నుంచి రంగుల కాగితం తీసింది,
సముద్రం ఒడ్డున ఆసుపత్రి, ఒక సూది, సర్వరోగనివారిణి.
వెల చూసి నా కడుపు తరుక్కుపోయింది.
"ఇల్లు అమ్మకండి" అన్నాను. అంతకంటే ఏం చెప్పను.
రొట్టె తీసుకోవడం మరిచి వచ్చేశాను.

పొర తయారైన రోజు డబ్బా మూతకు సీలు వేసి
డ్రైవరు చేతికిచ్చాను.
"కుదుపులు లేకుండా పోనీ నాయనా."
"ఏముంది ఇందులో?"
ఏం చెప్పాలో తోచక, "పూత" అన్నాను.

పధ్నాలుగు నెలలకు ఫియోరెంజా ఫోను. నవ్వుతోంది.
కుడికన్ను మూయించి, ఎడమకంటితో
అక్షరాల పటం చదవమన్నారట.
లెయార్కో పటం వైపు చూడలేదు.
తల పైకెత్తి చాలాసేపు ఊరుకుని,
"ఈ సీలింగుకు పూతేసిన వాడెవడు?
అంతా అలలు అలలుగా ఉంది" అన్నాడట.

ఫోను పెట్టేసి నేనూ తల పైకెత్తాను.
ఇన్నేళ్ళుగా ఈ గదిలో ఉన్నాను,
మూలన ఒక పగులు ఉందని ఇప్పుడే చూశాను.